అర్జీ పెట్టినవాళ్ళ చరిత్ర

ప్రతి సంవత్సరం మన సంఘం వార్షిక సంచిక అచ్చుకు వెళ్ళే ముందు కార్యదర్శి గారు మా ఇంటికి వచ్చి, "మాస్టర్ సాబ్, ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాసి ఇవ్వండి" అని అడగడం, మేము ఏ పాత కోట గురించో, ఏ కవి గురించో నాలుగు పేజీలు వ్రాసి ఇవ్వడం ఆనవాయితీగా జరుగుతున్నది. ఈసారి మాత్రం విషయం మేము వెతుక్కోలేదు. అదే మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చినది.

మొన్నటి సర్వసభ్య సమావేశంలో, ఉర్దూ బడిలో ఖాళీగా ఉన్న టీచరు పోస్టు గురించి మళ్ళీ ఒక అర్జీ పెట్టాలని తీర్మానం చదువుతూ ఉండగా, వెనుక వరుసలో నుంచి ఒక కుర్రవాడు లేచి, "ఎన్నని పెడతాం మాస్టర్ సాబ్? కాగితం ఖర్చు, ఆటో ఖర్చు తప్ప ఇంతవరకు ఏం మిగిలింది?" అన్నాడు. అందరూ నవ్వారు. మేమూ నవ్వాము. కానీ ఇంటికి వచ్చిన తర్వాత నిద్ర పట్టలేదు. పిల్లలకు చరిత్ర పాఠం చెప్పే మనిషికి ఆ కుర్రవాడికి చెప్పడానికి జవాబు ఉండవలసింది కదా! ఈ వ్యాసం ఆ జవాబే అనుకోండి.

మాటలోనే ఉన్నది మర్మం

ముందుగా మాట సంగతి చూద్దాం. కచేరీ వాకిట్లో తెలుగువారు వాడే మాటలు చాలావరకు మన ఉర్దూ బడి పిల్లలకు అర్థం చెప్పనక్కరలేని మాటలే. 'అర్జ్' అంటే ముందు పెట్టడం, మనవి చేయడం. అందులో నుంచి వచ్చినది అర్జీ. 'ఫర్యాద్' అంటే మొర. అది ఫిర్యాదు అయినది. 'దస్త్' అంటే చెయ్యి, 'ఖత్' అంటే వ్రాత. రెండూ కలిస్తే దస్తఖతు, అనగా ఎవరి చేతి వ్రాత వారిది. 'రసీద్' అంటే చేరినది అని అర్థం. కాగితం చేరినట్టు ఇచ్చే గుర్తు కనుక రసీదు. నకలు, దాఖలు, హుకుం, జవాబు, ఇవన్నీ ఆ కుటుంబంలోవే. మతం ఏదైనా, కులం ఏదైనా, తెలుగు రైతు తన కష్టం చెప్పుకోవలసి వచ్చినప్పుడు ఈ మాటలతోనే చెప్పుకున్నాడు. ఇవి ఈరోజు ఒక్కరి సొత్తు కాదు, అందరివీ.

మొగలాయి చక్రవర్తి జహంగీరు 1605లో గద్దె ఎక్కగానే ఆగ్రా కోట నుంచి యమున ఒడ్డున పాతిన రాతి స్తంభం వరకు ముప్పై గజాల బంగారు గొలుసు, దానికి అరవై గంటలు కట్టించానని తన ఆత్మకథలోనే వ్రాసుకున్నాడు. న్యాయం దొరకనివాడు ఎవరైనా వచ్చి ఆ గొలుసు లాగవచ్చునట. పిల్లలకు ఈ కథ చెబితే ముచ్చటపడి వింటారు. కానీ గమనించండి, ఆ గొలుసు కట్టినది రాజు. దయ ఉంటే గంట వింటాడు, లేకపోతే లేదు. రాజు కట్టని గొలుసును ప్రజలే కట్టుకున్న రోజులు తర్వాత వచ్చాయి. మేము చెప్పదలచినది ఆ చరిత్ర.

డెబ్బై వేల సంతకాలు

మద్రాసు రాజధాని కంపెనీ దొరల చేతిలో ఉన్న రోజులు. 1839 నవంబరులో డెబ్బై వేలమంది సంతకాలతో ఒక విన్నపం గవర్నరు లార్డ్ ఎల్ఫిన్‌స్టన్ ముందుకు వెళ్ళినది. వాళ్ళు అడిగినది పన్ను మాఫీ కాదు, భూమి కాదు. మా పిల్లలకు పై చదువుల బడి కావాలని అడిగారు. అడ్వొకేటు జనరల్ జార్జి నార్టన్ ఆ పనిలో వారికి తోడుగా నిలిచాడు. ఫోను లేదు, రైలు లేదు, అచ్చు కాగితం కూడా అందరికీ అందేది కాదు. అటువంటి కాలంలో డెబ్బై వేలు! 1841లో హైస్కూలు తెరిచారు. అదే తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ అయినది. విశ్వవిద్యాలయం మాత్రం 1857లో గానీ రాలేదు. అనగా అర్జీకీ ఫలితానికీ మధ్య పద్దెనిమిది సంవత్సరాలు. సంతకం పెట్టిన తండ్రులలో ఎందరో ఆ రోజు చూడకుండానే పోయి ఉంటారు. చదువుకున్నది వారి మనుమలు.

చీరాత, గింగిరి

ఆ రోజులలోనే మద్రాసులో గాజుల లక్ష్మీనరసు శెట్టి గారనే తెలుగు వర్తకుడు ఉండేవారు. 1806లో పుట్టినవారు. తండ్రిగారు నీలిమందు, బట్టల వ్యాపారం చేసేవారు. లక్ష్మీనరసు గారు కూడా ఆ వ్యాపారంలోనే బాగా సంపాదించారు. సంపాదించినదానితో మేడలు కట్టక 1844లో ఒక ఇంగ్లీషు పత్రిక పెట్టారు. దాని పేరు 'క్రెసెంటు', మన మాటలో నెలవంక. 1852 ఫిబ్రవరిలో మద్రాసు నేటివ్ అసోసియేషన్ అనే సంఘం స్థాపించారు. దక్షిణ దేశంలో ప్రజల కష్టాలు సర్కారుకు విన్నవించడానికి పుట్టిన తొలి సంఘాలలో అది ఒకటి.

కంపెనీకి ఇచ్చిన చార్టరు గడువు తీరవస్తున్నది. పార్లమెంటు మళ్ళీ ఆలోచించే సమయం. ఆ అదను చూసి, 1852 చివరలో లండనుకు పెద్ద అర్జీ పంపారు. అందులో ఏమున్నదీ అంటే, భూమి శిస్తు మోయలేకుండా ఉన్నది, ఉప్పు మీద పన్ను బీదవాడిని కొడుతున్నది, మొతర్ఫా అనే పన్ను నేతగాడినీ కమ్మరినీ తినేస్తున్నది (ఉర్దూలో 'హిర్ఫత్' అంటే చేతిపని, ఆ చేతిపని మీద వేసిన పన్నే ఇది), చెరువులూ రోడ్లూ పట్టించుకునే దిక్కు లేదు, కోర్టులో కేసు తేలేటప్పటికి మనిషి తేలిపోతున్నాడు, చదువుకు ఖర్చు పెట్టడం లేదు. వీటన్నిటికంటే ఘోరమైన మాట ఇంకొకటి ఉన్నది. శిస్తు వసూలు చేయడానికి రైతులను చిత్రహింసలు పెడుతున్నారన్నది ఆ మాట.

అర్జీ అందినది. కానీ పార్లమెంటు ఇక్కడికి విచారణ సంఘాన్ని పంపేవరకూ ఆగకుండానే 1853 చట్టం చేసేసింది. ఆ కుర్రవాడు అప్పుడు ఉండి ఉంటే "చూశారా, కాగితం ఖర్చు!" అనేవాడే.

లక్ష్మీనరసు గారు అంతటితో కూర్చోలేదు. డాన్బీ సీమూరు అనే పార్లమెంటు సభ్యుడు 1853లో మద్రాసు వస్తే, ఆయనను జిల్లాలకు తీసుకొని వెళ్ళి, దెబ్బలు తిన్న మనుషులను ఎదురుగా చూపించారు. ఆయన తిరిగి వెళ్ళి 1854లో పార్లమెంటులో ఆ సంగతి లేవదీస్తే, అటువంటిది లేనే లేదని వాదించినవారు ఉన్నారు. చివరికి ఆ సంవత్సరమే మద్రాసులో ముగ్గురు సభ్యుల విచారణ సంఘం వేయవలసి వచ్చినది. కమిషను కూర్చున్నది ఒక్క మద్రాసు నగరంలోనే. అయినా రైతులు ఊరుకోలేదు. దూర దూర జిల్లాల నుంచి వచ్చి చెప్పుకున్నవారు ఉన్నారు. రాలేనివారు కాగితాలు పంపారు.

1855లో నివేదిక వచ్చినది. శిస్తు వసూలుకు హింసించడం నిజమేనని ఒప్పుకున్నది. ఇంగ్లీషులో అచ్చయిన ఆ నివేదికలో రెండు తెలుగు పేర్లు ఉన్నాయి, చీరాత, గింగిరి. చీరాత అంటే చేతివేళ్ళను చెక్కల మధ్య పెట్టి నొక్కే పరికరం. గింగిరి అంటే మనిషిని వంచి కదలకుండా కట్టి పడవేయడం. ఆ పేర్లు ఏ దొరకు ముందుగా తెలుసు? చీరాతలో వేళ్ళు నలిగిన మనిషి నోరు తెరిచి చెప్పకపోతే అవి కాగితం మీదకు వచ్చేవే కావు. శిస్తు వసూలు అధికారం, పోలీసు అధికారం ఒకే చేతిలో ఉండటం ఈ అన్యాయానికి మూలమని కమిషను తేల్చింది. ఆ తర్వాత 1859లో చట్టం చేసి మద్రాసు రాజధానిలో పోలీసు శాఖను రెవిన్యూ శాఖ నుంచి వేరు చేశారు.

లక్ష్మీనరసు గారు తర్వాత మద్రాసు శాసనసభకు నామినేటు సభ్యులు కూడా అయ్యారు. కానీ 1868లో కన్నుమూసేనాటికి ఆస్తి అంతా హరించుకుపోయినది. పత్రికకూ సంఘానికీ పెట్టిన డబ్బు తిరిగి రాలేదు. మన సంఘంలో చందా ఇరవై రూపాయలు పెంచితే వచ్చే గొణుగుడు వింటున్నప్పుడల్లా మాకు ఈ మహాశయుడు గుర్తుకు వస్తాడు.

అర్జీ వినకపోతే

అర్జీ పెట్టినా వినని సందర్భాలు లేవా? ఎందుకు లేవు! చీరాల, పేరాల గ్రామాలను కలిపి 1919లో మునిసిపాలిటీ చేశారు. పన్ను ఒక్కసారిగా కొన్ని రెట్లు పెరిగినది. అక్కడ ఎక్కువమంది నేతపనివారు, చిన్న వ్యాపారులు. మాకు మునిసిపాలిటీ వద్దు, ఈ భారం మోయలేమని విన్నపాలు పెట్టుకున్నారు. వినలేదు. పన్ను కట్టమన్నవారు జైలుకు వెళ్ళారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు వారికి నాయకులయ్యారు. 1921లో గాంధీ గారు చీరాల వచ్చారు. ఆ తర్వాత జనం ఇళ్ళకు తాళాలు వేసి, ఊరి పొలిమేర బయట రామనగరం అని పేరు పెట్టుకొని, ఎండలో, వానలో దాదాపు పదకొండు నెలలు పాకలలో కాపురం ఉన్నారు. మన మాటలో చెప్పాలంటే అది ఒక విధమైన హిజ్రత్.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నామంటే, అంత పెద్ద త్యాగానికి కూడా మొదటి మెట్టు అర్జీయే. ముందు మర్యాదగా అడిగారు కనుకనే తర్వాత వాళ్ళ పక్షాన న్యాయం ఉన్నదని దేశమంతా గుర్తించింది.

ఇరవై లక్షల దస్తఖతులు

ఇక మన భాష సంగతి. డాక్టర్ జాకిర్ హుసేన్ గారు మన హైదరాబాదులో 1897లో పుట్టినవారు. 1967లో రాష్ట్రపతి అయ్యారని మన పిల్లలందరికీ తెలుసు. అంతకు ముందు వారు చేసిన ఒక పని మాత్రం చాలామందికి తెలియదు. ఉత్తరప్రదేశ్‌లో ఉర్దూకు గుర్తింపు కావాలని అంజుమన్ తరక్కీ ఉర్దూ పక్షాన ఇరవై లక్షలకు పైగా దస్తఖతులు సేకరించి, 1954 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారికి సమర్పించారు. రాజ్యాంగం 347వ అధికరణం కింద పెట్టిన అర్జీ అది.

వెంటనే ఏం జరిగింది? ఏమీ జరగలేదు. 1989లో గానీ ఆ రాష్ట్రంలో ఉర్దూ రెండవ అధికార భాష కాలేదు. దాని మీద కేసు నడిచి, 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ చట్టం సరైనదేనని తేల్చింది. లెక్క వేసుకోండి, అర్జీకి చట్టానికి మధ్య ముప్పై అయిదు ఏళ్ళు, తీర్పు వరకు అరవై ఏళ్ళు. జాకిర్ సాబ్ 1969లోనే కాలం చేశారు. మన వైపు చూస్తే తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాషగా చేసే చట్టాలు వచ్చాయి. చట్టం వచ్చినంత మాత్రాన బడిలోకి టీచరు నడిచి రాడన్నది వేరే విషయం. దానికి మళ్ళీ మనమే అడగాలి.

రత్లాం మురికి కాలువ

పెద్ద పెద్ద నాయకుల సంగతి అలా ఉంచి, మనలాంటి వాళ్ళ సంగతి ఒకటి చెబుతాము. మధ్యప్రదేశ్‌లో రత్లాం అనే పట్టణం ఉన్నది. అక్కడ న్యూ రోడ్డు అనే వీధి. కాలువలు లేవు, మురుగు వీధిలోనే, పక్కనున్న సారాయి ఫ్యాక్టరీ నీళ్ళు కూడా అక్కడికే. మరుగుదొడ్లు లేక బీదవాళ్ళు రోడ్డు పక్కనే కూర్చునేవారు. దోమలు చెప్పనక్కరలేదు. ఆ వీధివాళ్ళు 1972లో క్రిమినల్ ప్రొసీజరు కోడు 133వ సెక్షను కింద మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టుకున్నారు. కాలువలు కట్టమని మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇస్తే, మునిసిపాలిటీ పై కోర్టుకు వెళ్ళింది. సెషన్సు కోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది, హైకోర్టు మళ్ళీ నిలబెట్టింది, మునిసిపాలిటీ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఏమిటి వాదన? మా దగ్గర డబ్బు లేదు. ఇంకా, ఆ వీధి అలా ఉంటుందని తెలిసే కదా వాళ్ళు అక్కడ ఇళ్ళు కట్టుకున్నది!

ఈ మాట మనం ఎక్కడో విన్నట్టు లేదూ?

1980 జూలై 29న జస్టిస్ కృష్ణయ్యర్, జస్టిస్ చిన్నపరెడ్డి తీర్పు చెప్పారు. చిన్నపరెడ్డి గారు అంతకు ముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసిన మన తెలుగువారే. డబ్బు లేదన్న సాకుతో మునిసిపాలిటీ తన చట్టబద్ధమైన బాధ్యత తప్పించుకోరాదని తేల్చారు. కాలువలు, మరుగుదొడ్లు గడువులోపల కట్టాలని, ఫ్యాక్టరీ నీళ్ళు వీధిలోకి రాకుండా ఆపాలని ఆదేశించారు. ఒక వీధివాళ్ళు పెట్టిన అర్జీ ఎనిమిదేళ్ళకు దేశంలో ఉన్న అన్ని వీధులకూ హక్కు పత్రం అయినది. ఆ 133వ సెక్షను ఇప్పుడు 2024 జూలై నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షనుగా ఉన్నది. పేరు మారింది, దారి మూసుకుపోలేదు.

మా తప్పు ఒకటి

ఇంత చెప్పిన తర్వాత మా తప్పు కూడా చెప్పుకోవాలి. లేకపోతే ఆ కుర్రవాడికి మేము అన్యాయం చేసినట్టే.

కొన్నేళ్ళ క్రితం ఇదే టీచరు పోస్టు కోసం అర్జీ వ్రాసినది మేమే. ఉర్దూలో ఒకటి, తెలుగులో ఒకటి, అక్షరాలు ముత్యాల్లా వ్రాశాము. సంతకాలు కావాలంటే, శుక్రవారం నమాజు తర్వాత మసీదు ముందు బల్ల వేసి కూర్చున్నాము. ఎండ ఎక్కువగా ఉన్నది. కొందరు సంతకం పెట్టారు, చాలామంది పని ఉన్నదని వెళ్ళిపోయారు. కాగితం నిండలేదు. అప్పుడు మాలోనే ఒకరు, "పేర్లు మనకు తెలిసినవే గదా, మేము పెట్టేస్తాం" అన్నారు. మేము వద్దనలేదు. ఒకే పెన్నుతో, ఒకే చేత్తో రెండు పేజీలు నిండిపోయాయి.

కచేరీలో ఆ అధికారి కాగితం తిప్పి చూసి, ఏమీ అనకుండా మా ముఖంలోకి చూశారు. తర్వాత మెల్లగా, "మాస్టారూ, మీ బడిలో పిల్లల కాపీలు ఇలాగే దిద్దుతారా?" అన్నారు. అంతే. ఆ అర్జీ ఎక్కడికీ వెళ్ళలేదు. మేము రసీదు అడగడానికి కూడా సిగ్గుపడి వచ్చేశాము. తారీఖు కూడా వేయలేదని ఇంటికి వచ్చాక గానీ తెలియలేదు. నకలు అసలే లేదు.

దస్తఖతు అంటే ఎవరి చేతి వ్రాత వారిదని పిల్లలకు అర్థం చెప్పే మేము, ఆ రోజు ఆ మాటకే అపచారం చేశాము. మద్రాసు దాకా వెళ్ళి తన నలిగిన వేళ్ళు చూపించిన ఆ రైతు ఎక్కడ, పక్కింటివాడి పేరు తన చేత్తో వ్రాసిన మేమెక్కడ! కనుక "ఏం మిగిలింది?" అన్న ప్రశ్నకు కొంత జవాబు మా దగ్గరే ఉన్నది. కొన్ని అర్జీలను సర్కారు పక్కన పెట్టింది. కొన్నిటిని మనమే చంపుకున్నాము.

ఇప్పుడు చేయవలసినది

సభ్యులకూ, ముఖ్యంగా ఇంట్లో ఉన్న అమ్మలకూ, అక్కచెల్లెళ్ళకూ ఒక సంగతి. మన రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం ఎవరైనా తమ కష్టాన్ని దేశంలోగానీ రాష్ట్రంలోగానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి విన్నవించుకోవచ్చును. ఉర్దూలో వ్రాస్తే తీసుకోరేమో అనే భయం అక్కరలేదు. 1956లో చేర్చిన 350-ఎ అధికరణం, భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించడానికి రాష్ట్రాలు ప్రయత్నించాలని చెబుతున్నది. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం ప్రకారం, మన కాగితం ఏమైనదో అడిగితే ముప్పై రోజులలో జవాబు ఇవ్వాలి. జహంగీరు గొలుసు కంటే ఇది గట్టి గొలుసు. ఎందుకంటే దీని రెండవ కొస మన చేతిలోనే ఉన్నది.

ఈసారి అర్జీ ఇలా పెడదామని మా మనవి. ఒక కాగితానికి ఒకే విషయం. కాలువ సంగతి, కబరస్తాన్ గోడ సంగతి, బడి సంగతి కలిపి కిచిడీ చేయవద్దు. సంతకం ఎవరిది వారే పెట్టాలి, రానివారు వేలిముద్ర వేయాలి. బడికి పిల్లలను పంపే తల్లులు ముందు పెట్టాలి, సంఘం పెద్దలు చివర పెట్టాలి. ఏ తరగతిలో ఎంతమంది పిల్లలు, పోస్టు ఎప్పటి నుంచి ఖాళీ, ఈ లెక్క హాజరు పట్టీ చూసి సరిగ్గా వ్రాయాలి. నకలు మన సంఘం బీరువాలో ఉండాలి. రసీదు లేకుండా వెనక్కి రాకూడదు.

ఎందుకింత పట్టు అని అడగవచ్చు. ఇప్పుడు ఉర్దూ బడిలో ఒక్క టీచరు అయిదు తరగతులు చూస్తున్నారు. ఒక గదిలో రెండో తరగతి ఎక్కాలు చదువుతుంటే, అదే గదిలో అయిదో తరగతి పాఠం వినాలి. తల్లిదండ్రులు విసిగి పిల్లలను తీసేస్తున్నారు. పిల్లలు తగ్గితే, ఈ సంఖ్యకు పోస్టు ఎందుకు అంటారు. పోస్టు లేకపోతే ఇంకా పిల్లలు తగ్గుతారు. ఈ చక్రం ఇంకా రెండేళ్ళు తిరిగితే బడికి తాళం పడుతుంది. ఆ తర్వాత పెట్టే అర్జీ మూసిన బడి తెరవమని పెట్టే అర్జీ అవుతుంది. అది దీనికంటే పది రెట్లు కష్టం.

చివరిగా ఆ కుర్రవాడికి ఒక మాట. తారీఖ్ అనే మాటకు ఉర్దూలో రెండు అర్థాలు ఉన్నాయి బాబూ. ఒకటి తేదీ, రెండవది చరిత్ర. మేము ఆ రోజు అర్జీ మీద తారీఖు వేయలేదు. ఈసారి వేస్తాము. కొత్త అర్జీ వ్రాసి సంఘం ఆఫీసులో బల్ల మీద పెట్టాము. వచ్చే ఆదివారం ఉదయం నుంచి మేము అక్కడే ఉంటాము. నువ్వు వచ్చి మొదటి సంతకం పెట్టనక్కరలేదు. మాతోపాటు ఇంటింటికీ తిరిగి, ఎవరి సంతకం వారే పెడుతున్నారా లేదా అని చూసే పని మాత్రం నీకు అప్పగించాలని అనుకుంటున్నాము. ఎందుకంటే మమ్మల్ని అడగవలసిన ప్రశ్న అడిగినవాడివి నువ్వే.

ఇంతటితో సెలవు.